అతుకు అంచున ఆయువు – ఉక్కు వంతెనల చరిత్రలో ఒక ప్రకరణము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. చరిత్ర యనగానే మనకు స్ఫురించునవి రాజుల వంశావళులు, కోటలు, శాసనములు. వాటిని గూర్చి వ్రాయుటకు నాకంటె సమర్థులు మన ఊరనే కలరు. ఊరి లెక్కలు వ్రాసికొనువాడనగుటచే నా చూపు ఎల్లప్పుడును లెక్కల మీదికే పోవును. కావున లెక్కతో ముడిపడిన చరిత్ర నొకదానిని ఎన్నుకొంటిని. ఉక్కు వంతెనలు ఎట్లు అలసిపోవును, ఆ అలసట మొట్టమొదట వాటి దేహమున ఎచ్చట ప్రవేశించును, ఈ సంగతిని మానవులు ఎంత వెల యిచ్చి తెలిసికొనిరి – ఇదియే ఈ వ్యాసమునకు విషయము. ఇల్లు విడిచి ప్రయాణము చేయు ప్రతివాడును ఎచ్చటనో ఒకచోట వంతెన దాటక తప్పదు గనుక ఇది మనకు పరాయి విషయము కాదు.

లోహమునకు అలసట యేమని కొందరు నవ్వవచ్చును. ఇనుప తీగను రెండు చేతులతో పట్టి లాగి త్రెంపుట ఎంతటి బలశాలికిని దుస్సాధ్యము. దానినే ఒక్క చోట అటునిటు మరల మరల వంచినచో చిన్న పిల్లవాడైనను త్రెంపగలడు. ఒక్కసారి పడిన పెద్ద బలమునకు లొంగనిది, పలుమారులు పడిన చిన్న బలమునకు లొంగెను. వంతెన సంగతియు ఇంతియే. దాని మీద ఎన్నడో ఒకనాడు పోవు మహాభారము కంటె, దినదినము పోవు సామాన్యభారమే దాని ఆయువును హరించుచుండును.

ఈ సత్యమును మొదట ప్రయోగపూర్వకముగా పరిశీలించినవాడు జర్మనీదేశమున హార్జ్ పర్వతప్రాంతమునందలి క్లౌస్థాల్ గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్. గనులలో బరువులెత్తు ఇనుప గొలుసులు, తాము మోయగల బరువును మించకున్నను, కొంతకాలమునకు తెగిపోవుచుండెను. ఆయన 1829లో గొలుసులను యంత్రమునకు తగిలించి మరల మరల బరువు వేసి పరీక్షించి, ఫలితములను 1837లో ప్రకటించెను. గొలుసునకు మారుగా ఇనుప తీగలు పేనిన త్రాటిని 1834లో కల్పించినవాడును ఆయనయే. ఫ్రాన్సుదేశపు పండితుడు పోన్సెలే 1839 ప్రాంతమున తన ఉపన్యాసములలో ఈ వ్యాధిని ‘అలసట’ యని వ్యవహరించెను. ఆ పేరే నేటికిని నిలిచినది.

లోకము కన్ను తెఱచినది మాత్రము 1842 మే 8వ తేదీన. ఆనాడు వర్సాయి నగరమున ఉత్సవము చూచి పారిసునకు మఱలుచున్న జనులతో నిండిన రైలు, ముందరి యింజను ఇరుసు విఱుగుటచే పట్టాలు తప్పి మంటల పాలయ్యెను. పెట్టెల తలుపులకు తాళములు వేసియుండుటచే జనులు బయటికి రాలేకపోయిరి. ఏబదిమందికి పైగా మరణించిరి. ఆ మరుసటి యేడు విలియం రాంకిన్ అను బ్రిటిషు ఇంజనీరు విఱిగిన ఇరుసులను పరిశీలించి ఒక ముఖ్యమైన మాట చెప్పెను. ఇరుసు లావుగానున్న భాగము సన్నభాగముగా మాఱు చోట మూల వాడిగా నున్నయెడల, విఱుగుట అచ్చటనే ఆరంభమగుననియు, ఆ మూలను వాడిగా కోయక నునుపైన వంపుగా దిద్దవలెననియు ఆయన అభిప్రాయము.

దీనిలోని మర్మము మన బట్టల కొట్టువానికి తెలియును. గట్టి నేత బట్టను చేతులతో చింపబోయిన చిరుగదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగినచో ఆ చివరి దాక పోవును. బట్ట మొత్తము మీద పంచుకొనవలసిన లాగుడు ఆ గాటు కొనయందు కూడుకొనుటయే కారణము. ఇనుమునకును ఇదే ధర్మము. ఉపరితలమున నున్న గాటు, గీత, గుంట, వాడియైన మూల – ఇవన్నియు లాగుడును తమ దగ్గఱకు పోగుచేసికొనును.

రాంకిన్ చూపిన దారిని లెక్కలోనికి తెచ్చినవాడు ఆగస్టు వోలర్. ఈయన జర్మనీదేశమున రైల్వే ఇంజనీరు. 1858 మొదలుకొని 1870 వరకు ఇరుసులను యంత్రములపై లక్షలాది పర్యాయములు త్రిప్పి, ఎంత బరువునకు ఎన్ని పర్యాయములలో విఱుగునో పట్టికలు వ్రాసెను. బరువు యొక్క పెద్దతనము కంటె, బరువు పడినప్పటికిని తొలగినప్పటికిని గల తేడాయే ముఖ్యమని ఆయన నిరూపించెను. నిలుకడగానున్న బరువును ఉక్కు ఓర్చును. వచ్చిపోవు బరువే దానిని తినివేయును.

ఆ కాలపు ఇనుప వంతెనలలో పెక్కు రివెట్లతో కూర్చినవి. పలకలకు రంధ్రములు వేసి, కాల్చిన మేకులను దూర్చి, తలలు సాగగొట్టి బిగించెడివారు. రాజమహేంద్రవరమున 1900 సంవత్సరమున తెఱచి, 1997 వరకు రైళ్లను మోసిన హేవలాకు వంతెన ఆ కాలపు పద్ధతికి మన కనులయెదుటి నిదర్శనము. రివెట్ల పనిలో శ్రమయు బరువును హెచ్చు. కాని ఒక మేలు కలదు. ఒక పలక పగిలినచో ఆ పగులు పలక అంచు వరకే పోయి ఆగును. ప్రక్క పలక వేఱు గనుక దానిలోనికి ప్రాకుట కష్టము.

విద్యుత్తుతో ఉక్కును కరగించి అతుకు వెల్డింగు విద్య 1880వ దశకమున రష్యాదేశమున బెనార్దోస్, స్లావ్యానోవ్ అనువారి కృషి వలన రూపొందెను. రోడ్డు వంతెనను పూర్తిగా వెల్డింగుతో నిర్మించిన ప్రథమ కీర్తి పోలండు దేశమునది. స్టెఫాన్ బ్రివా అను ఆచార్యుడు 1927లో రూపకల్పన చేయగా, స్వుద్వియా నది మీద మౌజిత్సె గ్రామమున 1928లో ఆ వంతెన లేచెను. 27 మీటర్ల ఆ చిన్న వంతెనను 1977లో ప్రక్కకు జరిపి స్మారకముగా నిలిపిరి. బ్రివా మాత్రము యుద్ధకాలమున 1943లో జర్మనుల చేతిలో నిహతుడయ్యెను.

రంధ్రములు లేవు, మేకులు లేవు, వంతెన తేలికయయ్యెను, ఖర్చు తగ్గెను. కాని పలకలన్నియు కరగి ఏకశరీరమగుటచే, ఒక చోట పుట్టిన పగులునకు దారి అంతటను తెఱచియున్నట్లయ్యెను. మఱి పగులు పుట్టు చోటు ఏది?

అతుకును ఒకమారు పరికింపుడు. కరిగిన లోహము చల్లారి, చీమల పుట్ట గట్టు వలె పలక మీద ఉబ్బుగా నిలుచును. ఆ ఉబ్బు పలకను కలియు అంచునందు మూడు కీడులు ఒక్కచోట చేరుచున్నవి. మొదటిది, ఆకారము. ఉబ్బు నిటారుగా లేచినకొలది ఆ అంచు వాడియైన మూల యగును. రాంకిన్ హెచ్చరించిన మూల ఇదియే. రెండవది, గాటు. విద్యుత్తు హెచ్చైనను, పనివాని చేయి తొందరపడినను, అంచు వెంబడి పలక కరగి చిన్న గాడి ఏర్పడును. చిట్టెము అణువులు అంచులో ఇరుక్కొని సన్నని చీలికల వలె నిలిచిపోవుటయు కలదు. బ్రిటనుదేశపు వెల్డింగు పరిశోధకులు 1967లో ఈ చిట్టెపు చొరబాట్లను సూక్ష్మదర్శినితో చూచి వెల్లడించిరి. వాటి లోతు మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే. అయినను అవి పుట్టుకతో వచ్చిన పగుళ్లతో సమానములు.

మూడవది కంటికి కనబడనిది. బండిచక్రమునకు ఇనుప పట్టా వేయు విధము పెద్దలెఱుగుదురు. పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీరు పోయగా, అది కుంచించుకొని చక్రమును బిగియబట్టును. ఆ బిగింపులో పట్టా తాను మాత్రము సాగదీయబడియే యుండును. అతుకు లోహమును అట్లే చల్లారుచు కుంచించుకొనబోవగా, చుట్టునున్న చల్లని పలక దానిని కదలనీయదు. అందువలన అతుకు, దాని అంచు, వంతెన మీద ఒక్క బండియైనను రాకముందే తీవ్రమైన లాగుడులో నుండును. వాడియైన మూల, పుట్టు గాటు, ఎడతెగని లాగుడు – ఈ మూడును కలిసిన చోట అలసట తన పని ఆరంభించుటలో వింత యేమున్నది?

ఆస్ట్రేలియాదేశమున మెల్‌బోర్న్ నగరపు కింగ్స్ వంతెన దీనికి సాక్ష్యము పలికెను. 1961లో తెఱచిన ఆ వంతెన 1962 జులై 10వ తేదీన, చలికాలపు ఉదయమున, సుమారు 45 టన్నుల బండి దాటుచుండగా విఱిగి క్రుంగెను. క్రింద గోడలుండుటచే నేలగూలలేదు; ప్రాణనష్టము తప్పెను. విచారణలో తేలినదేమనగా, దూలముల అడుగున బలమునకై అదనముగా అతికిన పలకల చివర, అడ్డముగా వేసిన అతుకుల అంచున పగుళ్లు పుట్టియుండెను. వాటిలో కొన్ని వంతెన తెఱచుటకు ముందే, కర్మాగారముననే పుట్టినవి. ఆ దోషమునకు చలిలో పెళుసుబాఱు ఉక్కు తోడయ్యెను. బలము కొఱకు అతికిన పలకయే బలహీనతకు ద్వారమైనది.

ఇదే కాలమున అమెరికాదేశమున ఇల్లినాయి రాష్ట్రమందు 1958 మొదలు 1960 వరకు రోడ్లను, వంతెనలను పరీక్షించుటకై లారీలను రేయింబవళ్లు నడిపిరి. ఆ పరీక్షలోను అదనపు పలకల చివరి అతుకులే పగిలెను. తరువాత పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయమున జాన్ ఫిషర్ మున్నగువారు వందలకొలది దూలములను యంత్రముల మీద అలయజేసి పరిశీలించిరి. 1970, 1974 సంవత్సరములలో వెలువడిన వారి నివేదికల సారము ఇది: అతికిన దూలపు ఆయువును నిర్ణయించునవి రెండే – వచ్చిపోవు బరువు కలిగించు తేడా, అతుకు యొక్క తీరు. ఉక్కు జాతి ఎంత గట్టిదైనను ఆయువులో చెప్పదగిన భేదము లేదు.

ఈ చివరి మాట ఆశ్చర్యకరము. హెచ్చు వెల పోసి గట్టి ఉక్కు కొన్నను అతుకు అంచున లాభము లేదు. ఏలయన, గట్టి ఉక్కునకు గల గొప్పతనము పగులు పుట్టనీయకపోవుటలో ఉన్నది. ఇచ్చటనో పగులు పుట్టియే యున్నది. గాంధారి చూపు సోకి సుయోధనుని దేహమెల్ల వజ్రమైనను, చూపు సోకని తొడలే మృత్యుస్థానమైనవని మనవారు చెప్పుకొందురు. వజ్రమైన భాగమును ఇంకను గట్టిపఱచి యేమి ఫలము? కాపాడవలసినది ఆ తొడలనే.

ఇక లెక్కకు వత్తము. 1924లో స్వీడనుదేశస్థుడు పాల్మ్‌గ్రెన్, 1945లో అమెరికా వాడు మైనర్, అలసటకు ఒక లెక్క కట్టిరి. ఒక తరగతి బరువును లక్ష పర్యాయములు మోయగల దూలము, ఒకసారి మోసినచో దాని ఆయువులో లక్షవ వంతు ఖర్చగును. బరువు బరువునకు ఈ వంతులను కూడుచు పోవలెను. మొత్తము ఒకటి యైననాడు ఆయువు తీఱినట్లు. ఇది అచ్చముగా మన చిట్టా ఆవర్జాల పద్ధతియే. వంతెన మీద పోవు ప్రతి లారీయు ఖర్చు పద్దు వ్రాసి పోవుచున్నది. జమ కట్టువాడు లేడు.

ఆ ఖర్చు ఎంత వేగముగా పెరుగునో చూడుడు. అతుకుల విషయమున బరువు తేడా రెట్టింపైనచో ఆయువు సగము కాదు, ఎనిమిదవ వంతునకు దిగును. రెండును రెండును రెండును హెచ్చవేయగా ఎనిమిది. ఐరోపా దేశముల వంతెనల నిబంధనలలో అతుకులకు తరగతులున్నవి. 20 లక్షల పర్యాయములకు ఎంత తేడా ఓర్చునో, చదరపు మిల్లీమీటరునకు ఇన్ని న్యూటనులని ఆ తరగతి సంఖ్య చెప్పును. పలకను పలకకు చివర చేర్చి అతికి, ఉబ్బును సానబట్టి చదును చేసి, లోపల దోషము లేదని పరీక్షించిన అతుకునకు 112. ఉబ్బును అట్లే విడిచి, దాని ఎత్తు వెడల్పులో పదవ వంతు మించకున్న 90. ఐదవ వంతు వరకున్న 80. అదనపు పలక చివరి అతుకునకు 56 మించదు. మందమైన పలకలకు ఇంకను తక్కువ.

112నకును 80కిని గల నిష్పత్తి 1.4. దానిని మూడుమారులు హెచ్చవేయగా 2.74. అనగా అదే ఉక్కు, అదే బరువు; ఉబ్బును చదును చేసినందుచేత ఆయువు రెండున్నర రెట్లకు మించినది. 56నకు 112 రెట్టింపు గనుక అచ్చట భేదము ఎనిమిది రెట్లు. దినమునకు 2,000 లారీలు పోవు వంతెనలో ఒక్కొక్క లారీయు 56 మేర తేడా కలిగించుననుకొన్నచో, 20 లక్షలు తీఱుటకు 1,000 దినములు చాలును, మూడేండ్లైనను నిండవు. 112 తరగతి అతుకు అదే బరువునకు 8,000 దినములు, అనగా సుమారు 22 ఏండ్లు నిలుచును. ఉపరితలపు నునుపు ఒక అలంకారమని తలచువారు ఈ అంకెలను మననము చేయవలెను.

చదును చేయుటకును నియమమున్నది. సానరాయి గీతలు లాగుడు పోవు దిక్కుననే ఉండవలెను. అడ్డముగా నున్నచో ఆ గీతలే క్రొత్త గాట్లగును. అతుకు అంచును గుండ్రని మొన గల పనిముట్టుతో సన్నగా చెక్కి గాడిని, చిట్టెమును తొలగించుట ఒక పద్ధతి. అంచును మరల కరగించి నునుపు వంపుగా దిద్దుట రెండవది. సుత్తితో అంచును కొట్టి అణచుట మూడవది. ఈ దెబ్బల వలన బండిపట్టా బిగువు వంటి లాగుడు పోయి, దానికి మారుగా అదుముడు ఏర్పడి, పగులు నోరు మూతపడును. అయితే అంచును ఎంత దిద్దినను, అతుకు అడుగున లోహము చొరకుండ ఖాళీ మిగిలియున్నచో పగులు అచ్చట పుట్టును. పై మెఱుగు లోపలి లోపమును కప్పరాదు.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున బ్రిడ్జిపోర్టు నగరమందలి యెల్లో మిల్ పాండ్ వంతెన ఈ చికిత్సకు ఉదాహరణము. 1958లో తెఱచిన ఆ వంతెనలో 1970లో ఒక దూలపు అడుగు పలక పూర్తిగా తెగి, పగులు నిలువు పలకలోనికి ప్రాకియుండుట కనుగొనిరి. ఇచ్చటను అదనపు పలక చివరి అతుకే దోషి. వెదకగా మఱికొన్నిచోట్లను సన్న పగుళ్లు కనబడెను. 1976లో వాటిని సుత్తిదెబ్బలతోను, అంచు కరగించుటతోను బాగుచేసిరి. పగులు చిన్నదిగానున్నప్పుడు పట్టిన వైద్యమునకు లొంగునని తేలెను.

పట్టనిచో ఏమగునో రెండు విషాదములు చెప్పును. మొదటిది వంతెన కాదు, సముద్రమున చమురుబావుల కడ కార్మికులు నివసించు తేలుడు కట్టడము; అలెగ్జాండర్ కీలాండ్ దాని పేరు. లారీలకు బదులు అలలు దానిని అలయజేసెను. దాని ముఖ్యమైన గొట్టపు కమ్మికి, నీటి ధ్వనులను వినునట్టి ఒక చిన్న పరికరమును నిలుపుటకై 6 మిల్లీమీటర్ల అతుకు వేసిరి. 1980 మార్చి 27వ తేదీ సాయంకాలము ఆ అతుకు కడ పుట్టిన పగులు కమ్మిని తెంపగా కట్టడము తలక్రిందులై, 212 మందిలో 123 మంది మరణించిరి. పగులు ముఖమున రంగు కనబడెను. అనగా రంగు వేయునాటికే అచ్చట పగులున్నది. దాని మీదనే కుంచె పోయినది.

రెండవది దక్షిణకొరియా రాజధాని సియోలు నగరమున హాన్ నది మీది సోంగ్సు వంతెన. 1979లో తెఱచిన ఈ వంతెన మధ్యభాగము 1994 అక్టోబరు 21వ తేదీ ఉదయము, జనులు పనులకును, పిల్లలు బడులకును పోవు వేళ, నదిలో కూలెను. 32 మంది మరణించిరి. వారిలో బడికి పోవు బాలికలును ఉండిరి. వ్రేలాడు భాగమును మోయు నిలువు కమ్మీల అతుకులలో లోహము పూర్తిగా చొరలేదనియు, అలసట పగుళ్లు పెరిగినవనియు, తలచినదాని కంటె బండ్ల రాకపోకలు మిక్కుటమైనవనియు, కనిపెట్టి చూచువారు లేరనియు తేలెను. పదునైదేండ్ల క్రిందట ఎవరో ఒక దినమున చేసిన పని, ఆ పిల్లలు పుట్టకముందో, ఒడిలో నున్నప్పుడో చేసిన పని, ఆ ఉదయమున లెక్క ఒప్పజెప్పెను. 1995లో కొరియా ప్రభుత్వము ప్రజా కట్టడముల రక్షణకై ప్రత్యేక శాసనము చేసినది.

ఈ చరిత్ర అంతయు చదివినపిమ్మట నాకు తోచిన తాత్పర్యము ఒక్కటి. వంతెనను మోయునది ఉక్కు. దాని ఆయువును మోయునది అతుకు అంచు. ఉక్కును ధనముతో కొనవచ్చును. అంచు మాత్రము పనివాని చేతియందును, పరీక్షించువాని కంటియందును ఉన్నది. పటము గీచిన ఇంజనీరు పేరు, ప్రారంభించిన మంత్రి పేరు శిలాఫలకమున నుండును. ముసుగు వేసికొని, పొగలో, దూలపు అడుగున వెల్లకిల పడుకొని అతుకు వేసినవాని పేరు ఎచ్చటను ఉండదు. అయినను ఆ దారిన పోవు వేలమంది ప్రాణములు ఆతని చేతి నిలుకడ మీద ఆధారపడియున్నవి.

మన పల్లెల యువకులలో పలువురు ఈనాడు వెల్డింగు నేర్చి, హైదరాబాదు, విశాఖపట్టణము మొదలుకొని గల్ఫు దేశముల వరకు పనులకు పోవుచున్నారు. వారికి నేను చెప్పదగినవాడను కాను; వారి విద్య నాకు రాదు. అయినను లెక్క తెలిసినవాడుగా ఒక్క మాట మనవి చేయుదును. అతుకు వేసిన పిదప చిట్టెమును రాల్చి, అంచును వ్రేలితో తడిమి, గాడి పడినచోట మరల దిద్దుటకు పట్టు ఆ కొద్ది నిమిషములకు కూలి లెక్కలో పద్దు ఉండకపోవచ్చును. వంతెన ఆవర్జాలో మాత్రము ఆ నిమిషములు ఏండ్లుగా జమపడును.